దోమ ఎవరిది? మడి ఎవరిది?
(రేచల్ రూబెన్ పరిశోధనా జీవితం - కొన్ని ఆలోచనలు)

1

భండారు అచ్చమాంబ పేరు తెలుగు సాహిత్య విద్యార్థులకు కొత్త కాదు. 1902లో ‘ధనత్రయోదశి’ కథ రాసిన రచయిత్రి ఆమె. అంతకు ముందే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో స్త్రీల జీవితాలను సేకరించి, స్త్రీలకూ ఒక చరిత్ర ఉందని నిరూపించడానికి పూనుకున్న తొలి చరిత్రకారిణి కూడా ఆమే. 1905లో బిలాస్‌పూర్‌లో ప్లేగు రోగులకు సేవ చేస్తూ ఆ ప్లేగుకే బలైపోయింది. అప్పటికి ఆమె వయసు ముప్పై ఏళ్ళు.

మన సాహిత్య చరిత్రలు ఈ మరణాన్ని ‘త్యాగం’ అనే ఒక్క మాటతో ముగిస్తాయి. త్యాగమే, కాదనడం లేదు. కాని ఆ మాట కారణాన్ని కప్పేస్తుంది. ఎలుక మీద బతికే ఒక చిన్న గెంతే పురుగు ప్లేగును మనిషికి అంటిస్తుందని పాల్ లూయీ సిమోన్ 1898లో కరాచీలో ప్రయోగం చేసి చూపించాడు. శాస్త్ర ప్రపంచం కొన్నేళ్ళపాటు ఆయన్ను పట్టించుకోలేదు. 1905 తర్వాత బొంబాయిలో ప్లేగు కమిషన్ చేసిన పరిశోధనలతో గాని ఆ సత్యం స్థిరపడలేదు. అంటే అచ్చమాంబ చనిపోయిన సమయానికి, ఆమెను చంపిందేమిటో తెలిసీ తెలియని దశలో ఉంది విజ్ఞానం. సేవ చేసే స్త్రీ చేతికి ఆ జ్ఞానం అందలేదు. స్త్రీకి సమాజం సేవను అప్పగించింది గాని శోధనను అప్పగించలేదు.

ఈ వ్యాసం ఆ రెండో పనిని చేతిలోకి తీసుకున్న ఒక స్త్రీని గురించి. పేరు రేచల్ రూబెన్. దోమల్నీ, దోమలు మోసే జబ్బుల్నీ దక్షిణ భారతంలో దశాబ్దాల పాటు అధ్యయనం చేసిన కీటక శాస్త్రజ్ఞురాలు. ఆమె తెలుగు మనిషి కాదు. కాని ఆమె చదివిన దోమ మన దోమ, ఆమె దిగిన మడి మన మడి లాంటిదే. మా సంజామల చుట్టుపక్కల, కుందూ పరీవాహకంలో, కె.సి. కాలువ కింద వరి పండించే ప్రతి పల్లెకూ ఆమె పనితో సంబంధం ఉంది. ఆ సంబంధం ఏమిటో చెప్పడమే నా ఉద్దేశం.

2

దోమల చరిత్ర అనగానే మన పిల్లలు చెప్పే పేరు రోనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో, మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపులో ఆ జబ్బు క్రిమిని ఆయన చూశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రోజును ఇప్పటికీ ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటున్నారు. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కాని హుసేన్ ఖాన్ అనే రోగి ఒక్కో దోమకు ఒక్కో అణా చొప్పున తీసుకుని తన ఒంటి మీద ఆ దోమల్ని వాలనిచ్చాడు. ఆ రక్తం లేకుండా ఆ సత్యం లేదు. చరిత్రలో రాస్ కథానాయకుడు, హుసేన్ ఖాన్ అధోజ్ఞాపిక.

ఇది కేవలం వలస పాలకుల అహంకారం కాదు. జీవిత చరిత్ర అనే సాహిత్య ప్రక్రియలోనే ఉన్న లోపం. ఒక మహనీయుడు, ఒక మహత్తర క్షణం, ఒక మెరుపు, ఆ తర్వాత కీర్తి. ఈ చట్రంలో ఇమడని జీవితాలు జీవితాలుగానే లెక్కకు రావు. రేచల్ రూబెన్ జీవితంలో అలాంటి మెరుపు క్షణం లేదు. ఆమెది మాసాల తరబడి, ఏళ్ళ తరబడి ఒకే మడికి, ఒకే పశువుల కొట్టానికి తిరిగి తిరిగి వెళ్ళిన జీవితం. ఆ జీవితాన్ని చెప్పాలంటే ‘ఏం కనిపెట్టింది?’ అన్న ప్రశ్న చాలదు. ‘ఎవరి ప్రశ్నకు జవాబు వెతికింది?’ అని అడగాలి.

3

1955లో వెల్లూరు ప్రాంతంలో పిల్లలకు ఒక జబ్బు వచ్చింది. ఉన్నట్టుండి తీవ్రమైన జ్వరం, ఫిట్లు, స్పృహ తప్పడం. మనం వాడుకలో మెదడువాపు జ్వరం అంటున్న జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌ను మనదేశంలో రోగుల్లో గుర్తించడం అదే మొదలు. అప్పటి ఉత్తర ఆర్కాడు జిల్లా అది. సరిహద్దుకు ఇవతల మన చిత్తూరు జిల్లా.

1952లో భారత వైద్య పరిశోధన మండలి, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ కలిసి పూనాలో వైరస్ పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పాయి. వెల్లూరులో ఆ కేంద్రానికి సంబంధించిన పరిశోధన సాగింది. 1960లలో కేరీ, మయర్స్ అనే వైద్య పరిశోధకులతో కలిసి రేచల్ రూబెన్ అక్కడ పనిచేసింది. సహజ పరిసరాల్లో పట్టిన దోమల నుంచి డెంగీ వైరస్ రకాలను వేరుచేసిన విషయం 1964లో, దోమల నుంచి మెదడువాపు వైరస్‌ను వేరుచేసిన విషయం 1968లో వాళ్ళ ముగ్గురి పేర్లతో వెలువడ్డాయి.

వైద్యుడికి కావలసింది వైరస్. కీటక శాస్త్రజ్ఞురాలికి కావలసింది ఆ వైరస్‌ను మోసే దోమ. ఏ దోమ? ఇక్కడే చిక్కు వచ్చింది. 1901లో థియోబాల్డ్ ఒక దోమకు ‘క్యూలెక్స్ విష్ణుయి’ అని పేరు పెట్టాడు. సాక్షాత్తు విష్ణుమూర్తి పేరు! తర్వాత వాళ్ళు ఆ పేరు కింద ఒకదానికొకటి పోలిన మూడు జాతుల్ని కలగాపులగం చేశారు: విష్ణుయి, సూడోవిష్ణుయి, ట్రైటీనియోరింకస్. కంటికి మూడూ ఒకటే. నోరు పలకని పేర్లు, చూడటానికి చాలని తేడాలు. కాని ఏది ఏదో తేలకపోతే, ఏది ఎక్కడ గుడ్లు పెడుతుందో, ఎవరిని కుడుతుందో, ఏది జబ్బు మోస్తుందో చెప్పలేం. రూబెన్ 1969లో విష్ణుయిని మళ్ళీ మొదటి నుంచి వర్ణించి, మిగతా రెంటి నుంచి విడదీసే గుర్తులు చెప్పింది.

సాహిత్య విద్యార్థులకు ఈ పని పరాయిది కాదు. తాళపత్ర ప్రతుల్లో పాఠభేదాలు తేల్చకుండా కావ్యానికి వ్యాఖ్యానం రాస్తే ఏమవుతుంది? పేరు తప్పయితే దాని మీద కట్టిన సిద్ధాంతమంతా తప్పే. పరిష్కర్త పని ఎవరి కళ్ళకూ కనిపించదు. కాని ఆ పని లేకుండా విమర్శ లేదు.

1971లో ‘ఉత్తర ఆర్కాడు జిల్లా దోమల’ మీద ఆమె వ్యాస పరంపర వెలువడింది. ఏ నెలలో ఏ దోమ ఎంత, అవి గుడ్లు పెట్టే తావులు ఏవి, రాత్రి ఏ జాములో కుడతాయి, మనిషిని ఎంత, పశువును ఎంత - ఇవీ అందులోని విషయాలు. రెండు పల్లెల్లో రాత్రంతా మనిషినీ పశువునూ ఎరగా పెట్టి, వాలిన దోమల్ని గంట గంటకూ పట్టి లెక్కించిన పని ఇది. పల్లెటూళ్ళలో రాత్రివేళ పొలం గట్ల మీద చేసే ఈ పనిని ఒక స్త్రీ 1960లలో తన వృత్తిగా ఎంచుకుంది. ‘ఆడవాళ్ళకు ప్రయోగశాల ఉద్యోగం అయితే ఫర్వాలేదు’ అని ఇవాళ్టికీ అనుకునే తల్లిదండ్రులున్న దేశంలో ఇది చిన్న విషయం కాదు.

4

1970 ప్రాంతంలో ఢిల్లీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి దోమల జన్యు నియంత్రణ విభాగాన్ని నడిపాయి. గొడ్డు మగదోమల్ని లక్షల సంఖ్యలో వదిలితే, వాటితో కలిసిన ఆడదోమల గుడ్లు పొదగవనీ, క్రమంగా దోమల సంతతి తగ్గుతుందనీ ఆలోచన. డబ్బు చాలావరకు అమెరికా ప్రభుత్వానిది. డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టై దోమ మీద సాగిన పనిలో రూబెన్ పాలుపంచుకుంది. హర్యానాలోని సోనేపట్‌లో ఆ మగదోమల్ని పెద్ద ఎత్తున వదలడానికి పథకం సిద్ధమైంది.

1974లో పత్రికల్లో దుమారం లేచింది. ఇదే దోమ పచ్చజ్వరాన్ని కూడా మోస్తుంది. ఆ జబ్బు మనదేశంలో లేదు. అలాంటప్పుడు అమెరికా డబ్బుతో ఈ దోమ అలవాట్లను ఇంత లోతుగా ఎందుకు చదువుతున్నారు? జీవాయుధాల కోసమేనా? పార్లమెంటు ప్రజాపద్దుల కమిటీ ఈ విషయాన్ని విచారించి 1975లో తీవ్రంగా తప్పుపట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోపణల్ని ఖండించింది. సోనేపట్‌లో దోమల్ని వదలకుండానే అదే ఏడాది విభాగం మూతపడింది.

ఈ ఘట్టాన్ని మనం ఎలా అర్థం చేసుకోవాలి? వియత్నాం అడవుల మీదా పొలాల మీదా అమెరికా పదేళ్ళు విషపు మందు చల్లిన కాలం అది. అలాంటి ప్రభుత్వం డబ్బిస్తే అనుమానించడం తప్పు కాదు, అనుమానించకపోవడమే తప్పు. అభ్యుదయవాదులు ఆనాడు వేసిన ప్రశ్న సరైనదే. కాని ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోయింది. విదేశీ పెత్తనం వద్దన్నాం. సరే, మరి ఆ పనిని మన డబ్బుతో, మన ప్రజల ఎదుట, బహిరంగంగా కొనసాగించమని ఎవరు అడిగారు? 1996లో ఢిల్లీలో డెంగీ వచ్చినప్పుడు 10 వేల మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, 423 మంది చనిపోయారు. ఆ పథకం సాగి ఉంటే ఈ మరణాలు ఆగేవని నేననను. అది ఎవరూ చెప్పలేని మాట. పాలకుల విజ్ఞానాన్ని తిరస్కరించి ప్రజల విజ్ఞానాన్ని నిర్మించకపోతే మిగిలేది శూన్యం అని మాత్రం అంటాను. ఆ శూన్యంలో దోమ హాయిగా పెరుగుతుంది.

5

రూబెన్ జీవితంలో ఆ శూన్యం మిగలలేదు. తర్వాతి కాలంలో ఆమె మదురైలోని వైద్య కీటక పరిశోధన కేంద్రానికి సారథ్యం వహించింది. ఆ కేంద్రం భారత వైద్య పరిశోధన మండలిదే. నా దృష్టిలో ఆమె జీవితంలో అత్యంత విలువైన దశ ఇదే. దోమ నుంచి ఆమె మడికి వచ్చింది, మడి నుంచి రైతుకు వచ్చింది.

మెదడువాపు వైరస్ సహజంగా కొంగల్లో, కొక్కెరల్లో ఉంటుంది. వాటిని కుట్టిన దోమ పందిని కుడితే పంది ఒంట్లో వైరస్ బాగా పెరుగుతుంది. ఆ పందిని కుట్టిన దోమ మనిషిని కుడితే జబ్బు. మనిషి నుంచి మళ్ళీ దోమకు ఎక్కదు. పశువుల్లోనూ వైరస్ పెరగదు. 1992లో రూబెన్ బృందం దోమల కడుపుల్లోని రక్తాన్ని పరీక్షించి అది ఎవరిదో తేల్చింది. అందులో అత్యధిక భాగం పశువులది, మనిషిది చాలా తక్కువ. అంటే ఊళ్ళోని గొడ్డూగోదా తెలియకుండానే కొంతవరకు మన పిల్లలకు అడ్డుగా నిలుస్తున్నాయి. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు పోయిన పల్లెల్లో, కరువుకు గొడ్లను కబేళాకు తోలిన పల్లెల్లో ఆ అడ్డు ఏమవుతోందన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న.

ఇక దోమ పుట్టేది ఎక్కడ? వరిమడిలో. నాటు వేసిన తొలి వారాల్లో, పైరు దుబ్బు కట్టకముందు, నిలిచిన నీళ్ళలో. యూరియా చల్లితే మడిలో దోమ పిల్లలు పెరుగుతాయని విక్టర్ అనే పరిశోధకుడితో కలిసి ఆమె 2000లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. పచ్చ విప్లవం పంటనే కాదు, దోమనూ పెంచింది! దీనికి విరుగుడు కూడా ఆమె బృందం మడిలోనే వెతికింది. హెక్టారుకు 500 కిలోల వేపపిండిని విడిగా గాని, యూరియాకు పట్టించి గాని వేస్తే దోమ పిల్లలు గణనీయంగా తగ్గాయని 1992లో ప్రకటించారు. దానికి ఆరుతడిని జోడించి 1995లో మరో అధ్యయనం వెలువరించారు.

2015లో కేంద్ర ప్రభుత్వం దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపనూనె పట్టించాలని నిర్ణయించింది. భూమిలో నత్రజని వృథా కాకూడదని, యూరియా ఫ్యాక్టరీలకు మళ్ళకూడదని వాళ్ళ లెక్క. ఆ పూత పలచనిది. రూబెన్ బృందం వేసిన వేపపిండి మోతాదుతో దానికి పోలిక లేదు. సబ్సిడీ లెక్క కోసం వేప గుర్తొచ్చింది. పిల్లల మెదళ్ళ కోసం గుర్తు రాలేదు.

ఆరుతడి సంగతి ఇంకా ముఖ్యమైంది. మడిని మధ్య మధ్య ఆరబెడితే దోమ పిల్లలు చచ్చిపోతాయి, నీళ్ళూ మిగులుతాయి. వినడానికి ఎంత సులువు! కాని 1995లో రాజేంద్రన్ మొదలైన వారితో కలిసి రూబెన్ రాసిన వ్యాసం ఆరుతడి ప్రయోజనాలతో పాటు సమస్యల్ని కూడా శీర్షికలోనే పెట్టుకుంది. నీటి మీద అదుపు లేని రైతు మడిని ఎలా ఆరబెడతాడు? ఈ ప్రశ్న కె.సి. కాలువ చివరి ఆయకట్టు రైతును అడిగితే తెలుస్తుంది. ఈ కాలువను 1860లలో లాభం కోసం ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వడం మొదలుపెట్టింది. పెట్టుబడి గిట్టక 1882లో ప్రభుత్వానికి అమ్ముకుంది. కంపెనీ పోయింది, కాలువ ఎగువ దిగువల తేడా పోలేదు. ఎగువ వాళ్ళు తడిపి వదిలితే గాని కింది వాళ్ళకు చుక్క రాదు. వచ్చిన రోజున మడి నిండా కట్టుకోవాల్సిందే. మళ్ళీ ఎప్పుడొస్తాయో ఎవరికి తెలుసు? నీళ్ళు ఇంకబెట్టుకోమని ఆ రైతుకు సలహా చెప్పడం, ఆకలిగా ఉన్నవాడికి ఉపవాసం మంచిదని చెప్పడమే.

అంటే దోమ నియంత్రణ చివరికి నీటి పంపకం ప్రశ్నగా తేలింది. నీటి పంపకం భూమి ప్రశ్న. ఏ సిద్ధాంత గ్రంథమూ చదవకుండానే, మడిలో దోమ పిల్లల్ని లెక్కపెడుతూ పోయిన శాస్త్రం ఇక్కడికి చేరింది. వాస్తవాన్ని నిజాయితీగా వెంబడిస్తే అది మనల్ని వ్యవస్థ దగ్గరికే తీసుకుపోతుంది.

6

1999 అక్టోబరు, నవంబరు నెలల్లో అనంతపురం జిల్లాలో మెదడువాపు ప్రబలింది. పక్కనున్న కర్నూలు జిల్లాకూ ఈ జబ్బు కొత్త కాదు. హైదరాబాదు ఐ.ఐ.సి.టి. శాస్త్రజ్ఞులు, మదురై కేంద్రం శాస్త్రజ్ఞుడితో కలిసి, ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఈ దోమల సాంద్రతకూ వానకూ ఎండకూ ఉన్న సంబంధాన్ని చదివి 2010లో ప్రచురించారు. రూబెన్ వేసిన దారి మన జిల్లా దాకా వచ్చిందన్నమాట.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. నేను బడిపంతులు ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, నా తరగతిలో ఒక పిల్లవాడికి మెదడువాపు వచ్చింది. బతికాడు. కాని కుడిచెయ్యి పలక పట్టదు, మాట ముద్దగా వస్తుంది. బతికిన వాళ్ళలో నూటికి ముప్పై నుంచి యాభై మంది దాకా ఇలాంటి అవిటితనంతో మిగులుతారని అప్పుడు నాకు తెలియదు. ఊళ్ళో పెద్దలు ఒక అర్జీ రాశారు. ఊరి చివర ఎరుకల గుడిసెల్ని, వాళ్ళ పందుల్ని అక్కడి నుంచి ఖాళీ చేయించాలని. అర్జీ భాష బాగుండాలని నా దగ్గరికి తెచ్చారు. నేను దిద్ది, సంతకం కూడా పెట్టాను. రెండు వారాల్లో ఆ నాలుగు కుటుంబాలూ వెళ్ళిపోయాయి. ఎక్కడికి వెళ్ళారని నేను అడగలేదు. తెలుగులో ఎం.ఏ. చదివినవాణ్ణి, నా విద్య ఆ రోజు ఉపయోగపడింది దానికి.

పంది ఒంట్లో వైరస్ పెరుగుతుందన్నది నిజం. ఆ మాటను దాచడం విజ్ఞానం కాదు. కాని ఆ గొలుసులో పంది ఒక కొక్కెం మాత్రమే. కొక్కెర ఉంది, మడి ఉంది, యూరియా ఉంది, కాలువ ఉంది, టీకా వేయని ప్రభుత్వం ఉంది. మా అర్జీలో కాలువ లేదు, యూరియా లేదు, టీకా లేదు. పంది మాత్రమే ఉంది, ఎందుకంటే ఆ గొలుసులో ఎదురు మాట్లాడలేని వాడిది పంది ఒక్కటే. మడి ఆసామిది, కాలువ సర్కారుది. పంది ఎరుకల వాడిది. నేరం ఎవరి మీద పడుతుందో జబ్బు నిర్ణయించదు, సమాజం నిర్ణయిస్తుంది. పందుల్ని ఇళ్ళకు ఎడంగా, దోమలు దూరని పాకల్లో పెంచుకునే ఏర్పాటు, దానికి సాయం అడగొచ్చు. పిల్లలందరికీ టీకా అడగొచ్చు. దేశంలో ఈ టీకాను పెద్ద ఎత్తున వేయడం 2006లో గాని మొదలు కాలేదు. అదీ 2005లో గోరఖ్‌పూర్ ప్రాంతంలో వెయ్యిమందికి పైగా, అందులో అత్యధికులు పిల్లలు, చనిపోయాక. వెల్లూరులో జబ్బును గుర్తించి అప్పటికి యాభై ఏళ్ళు.

ఈ యాభై ఏళ్ళలో దోమ పేరు తేల్చిన వాళ్ళున్నారు, అది కుట్టే వేళ తేల్చిన వాళ్ళున్నారు, మడిలో దాన్ని తగ్గించే దారి చూపిన వాళ్ళున్నారు. ఆ జ్ఞానం ఇంగ్లీషు పత్రికల్లో ఉండిపోయింది. దాన్ని మడి గట్టు మీదికి తేవలసింది ఎవరు? వ్యవసాయ శాఖ ఒక్కటేనా? రాసేవాళ్ళకు బాధ్యత లేదా? మనం కరువు మీద కథలు రాశాం, ఫ్యాక్షన్ మీద రాశాం, వలస మీద రాశాం. అవి రాయవలసినవే. కాని జ్వరం వచ్చి చచ్చిపోయిన పాత్ర మన కథల్లో ‘జ్వరం వచ్చి’ చచ్చిపోతుంది, అంతే. ఏ జ్వరం, ఏ దోమ, ఏ మడి, ఎవరి నీళ్ళు - ఈ ప్రశ్నలు వేయం. విధిని తిట్టి ఊరుకునే పాత కథకూ, కారణం చెప్పకుండా కన్నీళ్ళు పెట్టించే కొత్త కథకూ తేడా ఎంత?

అచ్చమాంబ స్త్రీల చరిత్రలు సేకరించినప్పుడు, స్త్రీకి మేధ లేదన్న వాళ్ళకు జవాబుగా సేకరించింది. ఆ పుస్తకానికి ఇవాళ ఒక కొత్త అధ్యాయం రాయాల్సి వస్తే, అందులో రేచల్ రూబెన్ ఉండాలి. మహనీయురాలని పొగడటానికి కాదు. ఆమె నుంచి ఒక పద్ధతి నేర్చుకోవడానికి: పేరు సరిగా తేల్చు, లెక్క నిజంగా పెట్టు, ఆ లెక్క ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి వెళ్ళు, మధ్యలో ఎదురు మాట్లాడలేని వాడి దగ్గర ఆగిపోకు.

ఆ పద్ధతి నాకు ముందే తెలిసి ఉంటే ఆ అర్జీ వేరే విధంగా రాసి ఉండేవాణ్ణి. ఇప్పుడు రాస్తున్నాను.